శబ్దమిశ్రణ యంత్రముల పూర్వచరిత్రయు, నాందేడు తెలుగు వేదికయు

గోదావరి యుత్తరతీరమున నున్న నాందేడు పట్టణమున నొక పండుగదినమున నడచువాని చెవికి నాలుగు భాషలు సోకును. మరాఠీ యిచ్చటి ప్రధానభాష. సచ్‌ఖండ్ హుజూర్ సాహెబు గురుద్వారమునుండి హార్మోనియముతో, తబలాతో గూడిన కీర్తనలు వినవచ్చును. పాతపేటలలో దక్కనీ ఉర్దూ. నేతపనివారి యిండ్లలో తెలుగు. ఈ నాలుగును నేడు బహిరంగస్థలమునకు లౌడుస్పీకరు ద్వారముననే వచ్చుచున్నవి. కంఠమునకును లౌడుస్పీకరునకును నడుమ నొక బల్ల యుండును. దానిమీద గుండ్రని మరలును, పైకి క్రిందికి జరుపు మీటలును బారులుతీరి యుండును. మైకుసెట్టువారు దానిని మిక్సరందురు, స్టూడియోలవారు కన్‌సోలందురు. ఏ కంఠమెంత వినబడవలెనో, ఏ వాద్యమెంత యణగియుండవలెనో నిర్ణయించునది యీ బల్లయే. పాతకాలపు మిక్సర్లపై మోజు మరల ప్రబలిన యీ దినములలో, చందాలు ప్రోగుచేసి యట్టిదానిని కొనదలచు సంఘములకు దాని పుట్టుపూర్వోత్తరములు తెలియుట యవసరము. తెలియక కొన్నచో ధనము పోవును. ధనముకంటె విలువైన కంఠములు చెడి యెక్కును.

నాందేడు తెలుగు వేదికను గూర్చి విచారించునపుడు సరిహద్దును మరువరాదు. 1948 సెప్టెంబరు వరకు నిది నిజాము రాజ్యభాగము. 1956 నవంబరు 1వ తేదీన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమున చేరగా, నాందేడు జిల్లాలోని ముధోలు తాలూకా ఆదిలాబాదునకును, ఆదిలాబాదులోని కిన్వటు తాలూకా నాందేడునకును మారినవి. అనగా బాసర సరస్వతీక్షేత్రము 1956 వరకు నాందేడు జిల్లాలోనిదే. 1960 మే 1వ తేదీన మహారాష్ట్ర మేర్పడినది. పటముమీద గీత మారినంతమాత్రమున వాడుకలు మారవు. దెగ్లూరు, బిలోలీ, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతములలో తెలుగు నింటిభాషగా గల కుటుంబములు నేటికిని గలవు. రైలుమార్గమున ధర్మాబాదు, బాసర యిరుగుపొరుగులు. మంజీర దాటిన బిలోలీవారికి బోధనే గదా. కావున నిచ్చటి తెలుగువారి కథాగానములను పరిశీలించువాడు ఏటికి రెండుదరుల నున్న వేదికలను గలిపియే చూడవలసియున్నది.

సభలో నొక కంఠము వినబడుట వేరు. రెండు కంఠములు కలిసి వినబడుట వేరు. మొదటిదానికి శబ్దమును పెంచు యంత్రము చాలును. రెండవదానికి మిశ్రణము కావలెను. ఈ భేదము విద్యుత్తుతో పుట్టినది కాదు. మైకు లేని దినములలో మిశ్రణము నేలమీదనే జరిగెడిది. కథకుడు ముందు నిలుచును, డోలు వెనుకనుండును, తాళము ప్రక్కకు తొలగును. ఒగ్గుకథలో గట్టిగా మ్రోగు డోళ్ళవారు కథకుని మాట వచ్చినపుడు చేయి తగ్గింతురు, పాట ముగిసినపుడు విజృంభింతురు. ఆధునికుడు మీటతో చేయుపనిని వారు చేతితో, అడుగుతో చేసిరి. 1885లో పుట్టిన సురభి నాటకసమాజము వారి నటులును, ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) వంటి హరికథకులును జనసమూహమున కెదురుగా కంఠబలముననే నిలిచిరి. కంఠబలమనగా కేవలము బిగ్గరగా నరచుట కాదు; ఆవరణ మెరిగి, గాలి యెరిగి, వాద్యమును వెనుకకు నిలిపి పాడుట.

బుర్రకథ యీ విషయమున మిక్కిలి బోధకమైన యుదాహరణము. మువ్వు రుందురు. నడుమ కథకుడు తంబుర మీటుచు, వ్రేళ్ళ యందెలు మ్రోయించుచు, గజ్జెకట్టి ముందు వెనుకలకు నడచుచు కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలవారు గుమ్మెటలు వాయించుచు వంతపాడుదురు. ఒకడు హాస్యము, ఒకడు లోకవ్యవహారము మాటాడును. షేక్ నాజర్ (1920-1997) ఈ కళను రాష్ట్రమంతట ప్రసిద్ధపరచి 1986లో పద్మశ్రీ బిరుద మందెను. ఇట్టి బృందమున కొక్క మైకు నిచ్చినచో నేమగును? కథకుడు మైకును విడిచి కదలలేడు. కదలనిచో నది బుర్రకథ కాదు. వంతలవారి మాట మైకునకు దూరమై గుమ్మెట మాత్రము వినబడును. హాస్యగాని చమత్కారమునకు ముందువరుసలోనివారు నవ్వుదురు. వెనుకనున్నవారు నవ్వును మాత్రమే విందురు. యంత్రము వచ్చి కళకు మేలుచేసినదనుట సత్యమేగాని, తొలిదశలో నది మువ్వురిలో నిరువురను మూగవారిని జేసినదనుటయు సత్యమే.

చలనచిత్రమునను ఇదే కష్ట మెదురైనది. 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలయ్యెను. 1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ తెలుగువారి తొలి టాకీగా వెలువడెను. ఆ కాలమున నటులే పాడవలెను. వాద్యకారులు కెమేరాకు కనబడక, మైకునకు మాత్రము వినబడునట్లు చాటున కూర్చుండవలెను. దూరము నిర్ణయించుటయే మిశ్రణము. 1935లో కలకత్తా న్యూ థియేటర్సు వారు ‘ధూప్ ఛావ్’ చిత్రమున పాటను ముందుగా రికార్డుచేసి నటులచే నభినయింపజేయుటతో గానము నటననుండి విడివడినది. గాయకునకొకటి, వాద్యములకొకటిగా మైకులు పెరిగినవి. మైకులు పెరిగినకొలది వానిని కలుపు బల్లకు ప్రాముఖ్యము కలిగినది. దరిమిలా మద్రాసు వాహినీ స్టూడియోలో ఎ. కృష్ణన్, శివరాముగార్లు ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రములకు శబ్దగ్రహణము నిర్వహించిరి. ఆ చిత్రములలో మాటయొక్క స్పష్టత నేటికిని చెవి కింపుగా నుండుటకు నటుల యుచ్చారణతోబాటు వారి చేతులును కారణమని చెప్పవలెను. పేరు తెరమీద క్షణకాలము కనబడి మాయమగు వృత్తి యది.

నిజాము రాజ్యమున తెలుగు, మరాఠీ గళములు ఒకే యంత్రము గుండా పోయిన స్థలము హైదరాబాదు రేడియో. 1930ల తొలినాళ్ళలో ప్రైవేటు ప్రయత్నముగా మొదలైన యీ కేంద్రమును 1935లో నిజాము ప్రభుత్వము స్వీకరించెను. దక్కను రేడియో యని దానికి వ్యవహారము. ఔరంగాబాదున మరియొక చిన్న కేంద్రము నెలకొల్పబడెను. ఉర్దూ కగ్రస్థానము, తెలుగు, మరాఠీ, కన్నడములకు కొంత కొంత సమయము. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆలిండియా రేడియో ఈ కేంద్రములను తన యధీనము చేసికొనెను. నాందేడు భౌగోళికముగా నీ రెండు కేంద్రముల నడుమ నున్నది. ఒక ప్రక్క నుండి తెలుగు, మరియొక ప్రక్క నుండి మరాఠీ. రాజ్యములోని నాలుగు భాషలలో నేది యెంతసేపు వినబడవలెనను నిర్ణయమును గూడ నొకవిధమైన మిశ్రణమే యనవచ్చును. ఆ మీట మాత్రము ఇంజనీరు చేతిలో లేదు.

నాటి రేడియో కేంద్రములలోని మిశ్రణయంత్రమును నేటివానితో పోల్చిన నాశ్చర్యము కలుగును. నాలుగైదు గుండ్రని మరలు, ఒక ముల్లుగల మీటరు, కొన్ని వాల్వులు: ఇంతయే. సూత్రము మాత్రము నాటికిని నేటికిని ఒక్కటే. మైకునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో వేయవ వంతుకు కొంచె మటునిటు. దానిని సుమారు వేయిరెట్లు, అనగా 60 డెసిబెల్లులు పెంచినగాని యితర యంత్రములకు పనికిరాదు. ఈ తొలి పెంపును చేయునది ప్రీఆంప్లిఫయరు. ఇచ్చట చేరిన గరగర తరువాత నెన్ని యుపాయములు పన్నినను పూర్తిగా పోదు. పాలు కాచు గిన్నె కడుగనిచో మీగడకు దోషము తప్పదు. పిమ్మట మంద్రమును, తారమును హెచ్చుతగ్గులు చేయు ఈక్వలైజరు, ఆ పిమ్మట పరిమాణమును నిర్ణయించు ఫేడరు. అన్ని ఛానెళ్ళును చివరకొక తీగపై కలియును. దానిని ‘బస్సు’ అందురు. పదిమంది నెక్కించుకొని పోవునది గనుక పేరు సార్థకమే.

బహిరంగసభల చరిత్ర వేరు దారిని నడచినది. బొంబాయిలోని మోత్వానే కుటుంబము వారి చికాగో రేడియో సంస్థ 1930ల నాటికే కాంగ్రెసు మహాసభలకు లౌడుస్పీకర్లు సమకూర్చెను. 1940లో ఢిల్లీలో అహూజా సంస్థ యారంభమయ్యెను. ఈ రెండవవారి ఆంప్లిఫయర్లు కాలక్రమమున దేశమందలి ప్రతి చిన్న పట్టణమునకును ప్రాకినవి. పెండ్లిపందిరి, వినాయకచవితి మంటపము, ఎన్నికల సభ, ఉరుసు, జాతర, అన్నిటికిని అదే పెట్టె, అదే కొమ్ముబూర. ఆ పెట్టె ముఖముననే మూడు నాలుగు మైకుల మరలుండెడివి. మరాఠ్వాడా పట్టణములలో నొక తరమువారికి మిక్సరనగా నిదియే. వీనికి రాగసౌష్ఠవము లేదు. వాని ధ్యేయము నదియు కాదు. కొమ్ముబూర మాటను దూరమునకు మోయుటకు పుట్టినది. మంద్రధ్వని దానికి చిక్కదు. అందుచేత మృదంగపు తొప్పి మ్రోత పోయి వలంతల టపటప మిగిలెడిది. ఒక తరము శ్రోతలు మృదంగమన నట్లే యుండునని భావించినచో వారిది తప్పు కాదు.

ఇక ‘పాత కన్‌సోలు’ అని నేడు లోకమున కీర్తింపబడు యంత్రముల సంగతి. ఇవి పాశ్చాత్య స్టూడియోలలో 1960 మొదలు 1985 వరకు తయారైనవి. లండనులో ఇ.ఎం.ఐ. వారి యాబీ రోడ్డు స్టూడియోలో మొదట రెడ్ అనబడు వాల్వు బల్లలుండెడివి. 1968లో ట్రాన్సిస్టర్లతో నిర్మితమైన టీజీ12345 వచ్చెను. ఇంగ్లండునందే రూపర్ట్ నీవ్ (1926-2021) 1961లో తన సంస్థను స్థాపించి, 1970లో 1073 అను ప్రీఆంప్లిఫయరు భాగమును రూపొందించెను. అమెరికాలో ఏపీఐ సంస్థ 1969లో వెలసెను. 1970ల యుత్తరార్ధమున సాలిడ్ స్టేట్ లాజిక్ అను నాంగ్లసంస్థ కంప్యూటరును మిక్సరుతో జోడించి 4000 వరుస బల్లలను వెలువరించెను. లాస్ ఏంజిలిస్ సమీపమున సౌండ్ సిటీ స్టూడియోవారు 1973లో సుమారు 75 వేల డాలర్లు పెట్టి నీవ్ 8028 బల్లను కొనిరి. 1991 నాటి నిర్వాణా బృందపు ‘నెవర్‌మైండ్’ దానిమీదనే రికార్డయినది. ఆ స్టూడియో వాణిజ్యముగా మూతబడిన పిమ్మట ఆ బల్లను ఆ బృందపు డ్రమ్ముకారుడు డేవ్ గ్రోల్ కొనుగోలు చేసి, దానిని గూర్చి యొక చలనచిత్రమునే తీసెను. యంత్రమునకు కథ తోడయినపుడు వెల యెట్లు పెరుగునో యిది దృష్టాంతము.

అయినను ఆ కీర్తి యంతయు కట్టుకథ కాదు. ఆ బల్లలలో ప్రతి మైకునకును లోపల నినుపగుండె గల ట్రాన్స్‌ఫార్మరుండును. ధ్వని బలముగా వచ్చినపుడు, ముఖ్యముగా మంద్రస్థాయిలో, ఆ యినుము పూర్తిగా తట్టుకొనలేక మూలస్వరమునకు మూడురెట్లు కంపనసంఖ్య గల యనుస్వరమును కొంచెము చేర్చును. ట్రాన్సిస్టర్ల యొకవిధమైన యమరిక రెండురెట్లు గలదానిని చేర్చును. సంగీతభాషలో చెప్పవలెనన్న, షడ్జము పాడినపుడు రెండురెట్లది తారషడ్జము. మూడురెట్లది దాని పైని పంచమము. స-ప-స లే గదా తంబుర పలుకునవి! పాత బల్ల గుండా పోయిన గానమునకు నిండుదనము వచ్చినదని పాశ్చాత్యులు మురియుటలోని రహస్యమిది. తంబురశ్రుతి నడుమ పెరిగిన చెవికి ఆ నిండుదన మంత క్రొత్తది కాదు. పరిమితి దాటిన నది బొంగురుతనమే యగును. హరికథకుని మాటలోని సకార, శకార భేదమును పోగొట్టు నిండుదన మెవరికి కావలెను?

వేదికలకు పనికివచ్చు బల్లల వంశము వేరు. 1973లో ఇంగ్లండు నందలి సౌండ్‌క్రాఫ్టువారు ప్రయాణపు పెట్టెలోనే యమర్చిన మిక్సరును తయారుచేసిరి. 1974లో జపానుదేశపు యమహా సంస్థ 16 మైకులు గల పీఎం-1000 ను విడుదల చేసెను. మైడాసు వారి బల్లలు సంచారబృందములలో ప్రసిద్ధి కెక్కినవి. వీనిని నిర్మించినవారి యెదుట నున్న ప్రశ్న గానమాధుర్య మొక్కటియే కాదు. లారీపై కుదుపులకు తట్టుకొనవలెను. చీకటిలో చేతికి మీట దొరకవలెను. ఒక ఛానెలు చెడిన, పాట నడుచుచుండగా రెండవదానికి మారవలెను. స్టూడియో బల్ల రాజమందిరమున పెరిగినది. వేదిక బల్ల సంతలో పెరిగినది. రెండింటిని ఒకదానికి బదులొకటిగా వాడబూనుటయే కొనుగోలుదారులు చేయు ప్రథమప్రమాదము.

భారతదేశమున 1991 వరకు దిగుమతి లైసెన్సుల కట్టడి వలన ఇట్టి బల్లలు పెద్ద స్టూడియోలకును, ప్రభుత్వసంస్థలకును మాత్రమే యందుబాటున నుండెడివి. తరువాతి కథ త్వరితముగా నడచినది. 2005లో యమహావారి ఎం7సీఎల్, 2012లో బెరింజరువారి ఎక్స్32 వంటి డిజిటల్ మిక్సర్లు రాగా, అద్దెకిచ్చు సంస్థలు బరువైన యనలాగు బల్లలను వదలించుకొనసాగినవి. ముంబాయి లామింగ్టన్ రోడ్డు, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ శబ్దయంత్రముల యంగళ్ళకు పేరుపొందినవి. నాందేడువారికి హైదరాబాదు మూడువందల కిలోమీటర్ల లోపు. ముంబాయి సుమారు దానికి రెట్టింపు. వస్తువు కొనునప్పటి దూరముకంటె, చెడినప్పుడు బాగుచేయువాని దూరము ముఖ్యమని గమనింపవలెను. ఈ దృష్టితో చూచిన నాందేడువారి బల్ల హైదరాబాదు వైపే మ్రొగ్గుచున్నది.

పాత బల్లలలో నేది యెన్నదగినది? సభలకైనచో, 1980-2000 నడుమ తయారైన, 16 మొదలు 24 ఛానెళ్ళుగల వేదిక బల్లయే తగినది. అంతకు పూర్వపుదానికి విడిభాగములు దొరకుట కష్టము. అంతకు పెద్దదానిని మోయుటకు నలుగురు, నిలుపుటకు గది కావలెను. ఛానెళ్ళు ఒక్కొక్కటిగా విడదీయుటకు వీలగు నిర్మాణమైన మేలు. ఒకే పెద్ద పలకపై నన్నియు నమర్చబడిన చవుకబల్లలో నొక మర చెడిన మొత్తము విప్పవలసివచ్చును. వలయపటము, అనగా లోపలి తీగల చిత్రము, దొరకని బల్లను ఎంత చవుకైనను విడుచుటయే వివేకము. పటము లేని బల్ల పెద్దదిక్కు లేని యిల్లు.

కొనుటకు ముందు పరీక్ష యొక పూట పట్టును, తొందరపడువాడు మోసపోవును. బల్లకు విద్యుత్తునిచ్చి మూడుగంటలైన కాగనీయవలెను. చల్లగా నున్నప్పుడు చక్కగా పలికి వేడెక్కిన తరువాత గురుగురులాడు బల్లలనేకము. నాందేడున వేసవి యెండ 42 డిగ్రీలు దాటుట వింత కాదు. పాత విద్యుత్ పెట్టె శీతలగదిలో పుట్టినది, పందిరిక్రింద దాని యోర్పు వేరు. మైకు తగిలింపకయే ఒక్కొక్క ఛానెలును పూర్తిగా హెచ్చించి చెవిబూరలతో వినవలెను: సన్నని సమానమైన సుస్సు మంచిది, టపటప, చిటపటలు మంచివి కావు. ప్రతి మీటను మెల్లగా నడపి గరగర వచ్చుచోటు గుర్తింపవలెను. దుమ్మువలన వచ్చు గరగర కడిగిన పోవును, అరిగిపోయినచో పోదు. లోపలి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు పదునైదు ఇరువది యేండ్లలో నెండిపోవును. ఇవి యొక్కొక్క ఛానెలులో పదులసంఖ్యలో నుండుటచే వానిని మార్చు ఖర్చు కొన్నిమార్లు బల్ల వెలకు సమానమగును. అమ్మువాడు చెప్పు వెల సగము వెలయే యని లెక్కవేసికొనుట క్షేమము. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రము దీర్ఘాయువులు; అవి మనుష్యులకంటె నెక్కువకాలము బ్రదుకును.

యాబది సైకిళ్ళ గూంకారము మరియొక శత్రువు. మండపమున దీపాలంకరణకును, మిక్సరునకును ఒకే తీగనుండి విద్యుత్తు తీయుటయు, భూమితీగ సరిగా లేకుండుటయు దీనికి మూలము. రెండు తీగలపై నెదురెదురు రూపములలో ధ్వనిని పంపి, దారిలో చేరిన మలినమును చివర కొట్టివేయు ‘బ్యాలెన్సుడు’ కేబులు దీనికి విరుగుడు. దీనిని విస్మరించి, గూంకారమునకు బల్లయే కారణమని నిందించి మార్చువారు కలరు. మార్చిన బల్లయు గూంకరించును.

రికార్డింగుకొర కైనచో నిర్ణయము వేరగును. బోధను పరిసరములందలి చిందుభాగవతకళాకారిణి చిందుల ఎల్లమ్మ 2005లో దివంగతురాలయ్యెను. అట్టివారితో పోవునది కేవల మొక కంఠము కాదు. ఆ తరగతి యుచ్చారణ, ఆ మద్దెల నడక, ఆ యక్షగానపు వచనము. సరిహద్దున కిరువైపుల నిట్టి వృద్ధకళాకారులను రికార్డు చేయుట సంఘముల కర్తవ్యములలో తొలివరుసలోనిది. దీనికి 24 ఛానెళ్ళ నీవ్ బల్ల యక్కరలేదు, లభింపను లభింపదు. ఏకకాలమున నాలుగు మొదలు ఎనిమిది మైకులు చాలును. రెండు మంచి ప్రీఆంప్లిఫయరు భాగములను విడిగా కొని, తక్కినది సామాన్యయంత్రముతో నడపినచో పాత బల్ల యిచ్చు గుణములో నధికభాగము పదియవవంతు బరువుతో చేకూరును. పైపెచ్చు దానిని సంచిలో నిడుకొని బిలోలీకో, ఆందాపురమునకో పోవచ్చును. కళాకారులను స్టూడియోకు రప్పించి, మెత్తని గోడల నడుమ కూర్చుండబెట్టి పాడుమన్నచో డెబ్బది యేండ్ల గాయని కంఠము ముడుచుకొనును. తన యరుగుమీద పాడునపుడు గొంతు విచ్చును. బల్ల కన్యాకుమారి నుండి తెచ్చినను ఈ లోపమును పూరింపలేదు.

డిజిటల్ యంత్రములను తృణీకరింప పనిలేదు. వేదిక మార్పులను జ్ఞాపకముంచుకొనుటలో, ప్రతిధ్వనిని చేర్చుటలో అనలాగు బల్ల వానికి సాటిరాదు. అయితే నొక భేదము కలదు. అనలాగు బల్లపై ప్రతిపనికి నొక మర కంటికి కనబడుచుండును. పదునాలుగేండ్ల పిల్లవానిని ప్రక్కన నిలుపుకొని, ఇది గుమ్మెట, ఇది వంత, ఇది కథకుడని చూపుచు నేర్పవచ్చును. తెరవెనుక పొరలలో దాగిన డిజిటల్ మిక్సరుపై ఆ బోధ కష్టము. సంఘములు పాత బల్లను కొనుటకు మాధుర్యముకంటె నిది బలవత్తరమైన హేతువని తోచుచున్నది.

మిశ్రణమున కొక చట్టపు హద్దును గలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు తెల్లవారుజామున 6 వరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లు నిషిద్ధములు; ఏటికి గరిష్ఠముగా పదునైదు దినములు మాత్రము పండుగలకు నర్ధరాత్రివరకు రాష్ట్రప్రభుత్వము సడలింపవచ్చును. నివాసప్రాంతములకు పగటి పరిమితి 55, రాత్రిది 45 డెసిబెల్లులు. తెల్లవార్లు నడిచెడి కథలు రెండు మూడు గంటలకు కుదించుకొనిపోవుట కిదియు నొక కారణము. కుదించిన కాలమున ప్రతిమాటయు వినబడవలెననిన, పదునారు ఛానెళ్ళలో నారింటినైన సరిగా వాడుట నేర్వవలెను. బుర్రకథ కథకుని యెదపై చిన్న తీగలేని మైకు, తంబురకు దగ్గరగా మరియొకటి, వంతలవా రిరువురకు నోటియెదుట చెరియొకటి, గుమ్మెటలకు నడుము నెత్తున నొకటి, గజ్జెలకు నేలపై నొకటి. గుమ్మెట మైకును తెరిచినపుడు మంద్రమును కొంచెము కోసి, మాట జరుగుచున్నంతసేపు దాని మీటపై చూపుడువ్రేలు నుంచి తగ్గించుచుండవలెను. ఒగ్గుకథలో డోలువాడు చేతితో చేయుచున్నదియు నిదియే.